కొత్త ఏ4 ఇంజన్ పెట్టె విప్పాను: ఒకచోట ఆగుతోంది, ఒక మలుపులో పట్టాలు తప్పుతోంది

నీలిబండి
శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ టేబుల్ మీద ఒక మోడల్ డీజిల్ ఇంజన్, ఆరు ప్రయాణికుల పెట్టెలు పెట్టుకుని గుండ్రంగా తిప్పుకుంటూ వచ్చాను. ఇవాళ నా మొదటి ఆవిరి ఇంజన్ చేతికొచ్చింది. ఓఓ స్కేల్ (అసలు రైలులో దాదాపు 76వ వంతు) ఏ4 రకం, నంబర్ 4468. అదేనండీ, మల్లార్డ్ అనే పేరున్న బ్రిటిష్ ఇంజన్. నీలం రంగు, చక్రాలను సగం కప్పేసే పక్క తొడుగులతో సహా.

పెట్టె విప్పడానికే ఇరవై నిమిషాలు పట్టింది. పైన అట్ట తొడుగు, లోపల స్పాంజి, ఆ లోపల పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఇంజన్. ఎక్కడ పట్టుకుందామన్నా ఏదో ఒక సన్నని కడ్డీ అడ్డొస్తోంది. చివరికి ఆ ప్లాస్టిక్ కాగితం రెండు అంచులూ పట్టుకుని, ఉయ్యాల్లోంచి పసిబిడ్డను తీసినట్టు తీశాను. టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) విడిగా ఉంది. రెంటినీ కలిపే నాలుగు తీగల ప్లగ్ చిటికెన వేలి గోటిలో సగం కూడా ఉండదు. ట్వీజర్‌తో నొక్కుతుంటే పక్కకు జారిపోతోంది. మూడోసారికి టిక్కుమంటూ కూర్చుంది.

చిన్న కవర్లో విడి భాగాలు ఇచ్చారు. బ్రేక్ గొట్టాలు, ముందు మెట్లు, సిలిండర్ల కిందినుంచి నీళ్లు వదిలే గొట్టాలు, ఇంకా ఏవేవో. మనసు ఊరుకోక అన్నీ ఇవాళే అంటించేశాను. తర్వాత పట్టాల మీద పెట్టి, మామూలు డీసీ కంట్రోలర్‌తో ఇంజన్ ఒక్కటే, పెట్టెలేవీ తగిలించకుండా నడిపాను.

నడక ఎంత మెత్తగా ఉందంటే పక్కనున్న గోడగడియారం చప్పుడే ఎక్కువ వినిపించింది. కానీ రెండు సమస్యలు. స్టేషన్ దగ్గర ఒకచోట రెప్పపాటు ఆగుతోంది, బాగా నెమ్మదిగా వస్తే పూర్తిగా ఆగిపోతోంది. రెండోది, సవ్యదిశలో వెళ్తుంటే అవతలి మలుపులో ముందు బోగీ పట్టాలు తప్పుతోంది. నా డీజిల్‌కి ఈ రెండూ ఎప్పుడూ లేవు. వెనక్కి పంపేయమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

సగంవృత్తం
శనివారం, రాత్రి 11:41

మల్లార్డ్ కొని ఒక్క ఫొటో కూడా పెట్టకపోవడం అన్యాయం.

ఒక సందేహం. పెట్టెలేవీ తగిలించలేదన్నారు కదా, మరి బోగీ ఎలా పట్టాలు తప్పింది?

పాతపట్టాలు
ఆదివారం, ఉదయం 6:05

సగంవృత్తం గారూ, మనకు బోగీ అంటే ప్రయాణికుల పెట్టె. మోడల్ వాళ్ల భాషలో బోగీ అంటే చక్రాలు బిగించిన చిన్న చట్రం. ఏ4కి ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు చిన్నవి. ఆ ముందు నాలుగింటి చట్రం గురించి ఆయన అంటున్నది. గొడవ లేకుండా ఇక్కడ ‘ముందు చక్రాలు’ అనేసుకుందాం.

నీలిబండి గారూ, కంగారు పడకండి. కానీ ఒక తప్పు చేశారు. కొత్త ఇంజన్‌ని ముందు నడిపి చూడాలి, తర్వాతే విడి భాగాలు అంటించాలి. గమ్ పడ్డాక వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు సవాలక్ష ప్రశ్నలేస్తారు. నేను చూసే వరుస ఇది: పెట్టె విప్పగానే చక్రాల మధ్య ప్యాకింగ్ ముక్కలేమైనా ఇరుక్కున్నాయా అని చూస్తాను. తలకిందులుగా స్పాంజి మీద పడుకోబెట్టి ముందు చక్రాలు, వెనక చక్రాలు వేలితో తాకి అటూ ఇటూ ఆడుతున్నాయా చూస్తాను. ఆ తర్వాత అరగంట ముందుకు, అరగంట వెనక్కి, సగం వేగంతో, బరువు లేకుండా. గేర్లలో గ్రీజు సమంగా పరుచుకుంటుంది, మోటార్ బ్రష్‌లు కుదురుకుంటాయి. ఇదంతా అయ్యాకే ట్వీజర్ ముట్టుకునేది.

ఇప్పుడు ఒక్క పని చేయండి. ఇంజన్‌ని పట్టాల మీంచి ఎత్తి, మూతి రెండోవైపుకి వచ్చేలా తిప్పి పెట్టి నడపండి. ఆగడం అదే చోట జరిగితే తప్పు ట్రాక్‌ది. పట్టాలు తప్పడం ఇంజన్‌తో పాటు మారితే తప్పు ఇంజన్‌ది. వెనక్కి పంపాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం.

వెర్నియర్
ఆదివారం, ఉదయం 7:30

తిప్పడం, పెట్టడం సరే. ముందు చక్రాల మధ్య కొలత తీయండి. ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. 16.5 మి.మీ. ట్రాక్ మీద నడిచే ఓఓ ఇంజన్‌కి అది 14.5 దగ్గర ఉండాలి. 14.2కి వచ్చిందంటే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండుగా చీలే చోట, చక్రం ఎటు పోవాలో తెలియక ఎక్కి దూకుతుంది. చవకరకం స్కేల్ కాదు, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఒక్కో ఇరుసునూ మూడు చోట్ల కొలవాలి, చక్రం వంకరగా కూర్చుందేమో కూడా తెలుస్తుంది.

పట్టాలు తప్పాయన్న ఫిర్యాదుల్లో నేను చూసినంతలో సగానికి సగం ఇదే.

డీకోడర్ డాక్టర్
ఆదివారం, ఉదయం 9:12

ఒక ప్రశ్న, ఒక హెచ్చరిక.

ప్రశ్న: టెండర్ చక్రాలు కూడా కరెంటు తీసుకుంటాయా, లేక ఇంజన్ పెద్ద చక్రాలు మాత్రమేనా? మీ స్టేషన్ సమస్యకి జవాబు ఇందులో ఉండొచ్చు.

హెచ్చరిక: మోటార్ కోర్‌లెస్ రకమేమో (లోపల ఇనుప కోర్ లేనిది) మాన్యువల్లో చూడండి. అయితే మాత్రం పాతకాలపు ఫీడ్‌బ్యాక్ కంట్రోలర్లు (మోటార్ వేగం పసిగట్టి కరెంటు సరిచేసేవి), హై ఫ్రీక్వెన్సీ ట్రాక్ క్లీనర్లు దాని దగ్గరికి రానీయకండి. మోటార్ వేడెక్కి కాలిపోతుంది. ఆ రెండోదాన్ని డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) డీకోడర్, అంటే ఆ ఆదేశాలు అందుకునే చిప్, ఉన్న ఏ ఇంజన్‌తోనూ వాడకూడదు.

నీలిబండి
ఆదివారం, మధ్యాహ్నం 1:15

అందరికీ థాంక్స్. ఫొటోలు నాలుగు పెట్టాను, చూడండి.

తిప్పి పెట్టి నడిపాను. స్టేషన్ దగ్గర ఆగడం మారలేదు, సరిగ్గా అదే పట్టా ముక్క మీద. కానీ పట్టాలు తప్పడం మాయమైంది! మూతి అటు తిప్పితే ఇరవై రౌండ్లు వేసినా ఏమీ కాలేదు. మళ్లీ ఇటు తిప్పితే రెండో రౌండ్‌లోనే దిగింది. అంటే ఒకటి ట్రాక్ తప్పు, ఒకటి ఇంజన్ తప్పు అనుకోవాలా?

టెండర్ చక్రాలు కరెంటు తీసుకోవు. ఆ తీగలు టెండర్లోని డీకోడర్ సాకెట్ కోసమట. మోటార్ మామూలు ఐదు పోళ్లదే, కోర్‌లెస్ కాదు.

వెర్నియర్ గారూ, కాలిపర్ లేదు. పక్కింటాయన దగ్గర అడిగాను, సాయంత్రం ఇస్తానన్నారు. ట్రాక్‌కి మాత్రం మల్టీమీటర్ పెట్టి చూశాను. రౌండంతా 12 వోల్టులే, ఆ ముక్క మీద కూడా 12. మరి ఎందుకు ఆగుతోంది?

వెర్నియర్
ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఇంజన్‌తో పాటు మారింది. నేను చెప్పలేదూ? కొలవండి.

పాతపట్టాలు
ఆదివారం, మధ్యాహ్నం 3:40

మల్టీమీటర్ మిమ్మల్ని మోసం చేసింది. అది అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్న తప్పు. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. వదులుగా ఉన్న అతుకులోంచి కూడా ఆ కాస్తా దాటొస్తుంది కాబట్టి 12 చూపిస్తుంది. అదే అతుకులోంచి మోటార్‌కి కావలసినంత కరెంటు లాగితే వోల్టేజీ అతుకు దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి కరెంటు లాగే లోడ్ ఏదైనా పెట్టి కొలవాలి. ఆ ముక్క మీద 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి తగిలించండి, లేదా ఇంజన్‌నే నిలబెట్టి కంట్రోలర్ తిప్పండి, అప్పుడు మీటర్ ముళ్లు పట్టాలకు ఆనించండి.

డీజిల్‌కి ఎందుకు లేదంటే, లెక్క చూడండి. మీ ఫొటోలో ఆ పట్టా మామూలు 168 మి.మీ. ముక్క. ఏ4లో మొదటి పెద్ద చక్రం నుంచి మూడోదాని వరకు అసలు ఇంజన్‌లో 14 అడుగుల 6 అంగుళాలు. ఓఓలో అడుగుకి 4 మి.మీ., అంటే 58 మి.మీ. ఆరు చక్రాలూ ఒకేసారి ఆ ముక్క మీదికి వచ్చేస్తాయి, బయట సాయం చేసే చక్రం ఒక్కటి కూడా ఉండదు. మీ డీజిల్ ఎనిమిది చక్రాలతోనో పన్నెండింటితోనో కరెంటు తీసుకుంటూ ఉంటుంది, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం ఆ ముక్క కంటే ఎక్కువే ఉండుంటుంది. ఆ ముక్క చచ్చిపడి ఉన్నా దానికి తెలియదు. ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల వేసి దాటేసింది.

పెట్టె విప్పిన వాళ్లంతా కొత్త ఇంజన్‌ని మనం పరీక్షిస్తున్నామనుకుంటారు. మొదటి రాత్రి అదే మన ట్రాక్‌ని పరీక్షిస్తుంది.

నీలిబండి
ఆదివారం, సాయంత్రం 6:50

పాతపట్టాలు గారూ, దొరికింది. ఇంజన్ నిలబెట్టి కొలిస్తే పక్క ముక్కల మీద 11 దాకా ఉన్న వోల్టేజీ దాని మీదికి రాగానే 5కి పడిపోయింది. ఫిష్‌ప్లేట్లు (పట్టా ముక్కలను కలిపే చిన్న లోహపు రేకులు) ఊడదీసి చూస్తే ఒకవైపుది నోరు తెరుచుకుని ఉంది, వేలితో కదిపితే గలగలమంటోంది. రెండో చివర పట్టా అసలు ఫిష్‌ప్లేట్ లోపలికే వెళ్లలేదు, దాని పైన కూర్చుంది! నేనే వేసిన ట్రాక్ ఇది, ఇంకెవరినీ అనడానికి లేదు.

ప్లయర్‌తో నొక్కి బిగించాను. ఇప్పుడు ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ఆగడం లేదు. డీజిల్‌కి తెలియకుండా ఎన్నాళ్లుందో ఏమో.

డీకోడర్ డాక్టర్
ఆదివారం, సాయంత్రం 7:15

బిగించడం తాత్కాలికమే. ఫిష్‌ప్లేట్ పని పట్టాలను వరసలో ఉంచడం. కరెంటు మోయడం దానికి పైపని. అది మళ్లీ వదులవుతుంది. ఎప్పుడైనా డీసీసీకి మారే ఆలోచన ఉంటే ఇప్పుడే పట్టాల కిందినుంచి అక్కడక్కడా తీగలు సోల్డర్ చేసి, టేబుల్ కింద ఒక లావు తీగ జతకు కలిపేయండి. సోల్డర్ చేసేటప్పుడు అతుకుకి రెండు పక్కలా తడి దూది పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి పట్టాల మధ్య దూరం (గేజ్) తప్పుతుంది. ఐరన్ వేడిగా ఉండాలి, ఆనించేది రెండు మూడు సెకన్లే. చల్లటి ఐరన్‌తో ఎక్కువసేపు రుద్దేవాళ్లే స్లీపర్లు కరిగించేది.

చుక్‌చుక్
ఆదివారం, రాత్రి 8:02

నేను ఎక్కువగా చదివి వెళ్లిపోయే రకం, కానీ ఒక మాట. మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. కుడి సిలిండర్ కింద నీళ్ల గొట్టాలు అంటించారు కదా, అవి ముందు చక్రాల వెనక అంచుకి మరీ దగ్గరగా లేవూ? ఎడమ వైపువి తిన్నగా ఉన్నాయి, కుడి వైపువి లోపలికి వాలి ఉన్నాయి.

మలుపులో పెద్ద చక్రాలు కదలకుండా ఉంటాయి, ఇంజన్ మూతి మలుపు బయటికి పోతుంది. ముందు చక్రాలు పట్టా మీద ఉండాలంటే లోపలివైపుకి జరగాలి. సవ్యదిశలో వెళ్తే కుడివైపుకి. అక్కడ ఈ గొట్టం తగిలితే చక్రానికి పోవడానికి చోటు లేదు, పట్టా ఎక్కేస్తుంది. తిప్పి పెట్టినప్పుడు ఎడమవైపుకి జరిగింది, అటు అడ్డం లేదు. మీ మలుపు ఏ రేడియస్?

నీలిబండి
ఆదివారం, రాత్రి 8:30

రెండో రేడియస్, 438 మి.మీ. ఇంజన్‌కి కావలసిన కనీస మలుపు కూడా అదేనని పెట్టె మీద ఉంది.

ఇప్పుడే మాన్యువల్ మళ్లీ తీశాను. విడి భాగాల బొమ్మ కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది: ఈ గొట్టాలు అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకి, చిన్న మలుపుల మీద నడిపేవాళ్లు బిగించవద్దు అని. నా కళ్లద్దాలు మార్చాలి.

కాలిపర్ కూడా వచ్చింది. ముందు ఇరుసులు రెండూ 14.5, వెనకది 14.4. వెర్నియర్ గారూ, సారీ.

వెర్నియర్
ఆదివారం, రాత్రి 8:34

సారీ ఎందుకు. కొలిచారు కాబట్టే అది కాదని తేలింది. మూడు చోట్లా కొలిచారా?

నీలిబండి
ఆదివారం, రాత్రి 8:36

రెండు చోట్ల.

వెర్నియర్
ఆదివారం, రాత్రి 8:37

మ్.

పాతపట్టాలు
ఆదివారం, రాత్రి 9:10

చుక్‌చుక్ గారు సరిగ్గా పట్టారు. నేను తిప్పి చూడమన్నానే గానీ గొట్టాలు నాకు తట్టనేలేదు.

తీసేటప్పుడు లాగకండి, రంగు ఊడొస్తుంది. సూపర్ గ్లూ పెట్టారా?

నీలిబండి
ఆదివారం, రాత్రి 9:14

అదృష్టం బాగుండి కాదు. తెల్ల పీవీఏ గమ్, సూది మొనతో పెట్టాను. ఇంకా పూర్తిగా గట్టిపడలేదు.

పాతపట్టాలు
ఆదివారం, రాత్రి 9:20

బతికిపోయారు. తడి బ్రష్‌తో పది నిమిషాలు నాననివ్వండి, వాటంతట అవే వదిలేస్తాయి.

సగంవృత్తం
సోమవారం, ఉదయం 8:45

ఈ గొడవంతా చూసి నాకు ధైర్యం వచ్చింది. నా ఇంజన్ పెట్టె విప్పి ఆరు నెలలైంది, ఇంకా బీరువాలోనే ఉంది. ఇవాళ దింపుతాను. నడిపే ముందు పట్టాలు దేనితో తుడవాలి? ఆల్కహాల్ అనుకుంటున్నాను.

పాతపట్టాలు
సోమవారం, ఉదయం 9:30

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ. నేను ఎన్నో ఏళ్లుగా అదే వాడుతున్నాను. చక్రాలకైతే టిష్యూ కాగితాన్ని పట్టాల మీద అడ్డంగా పరిచి రెండు చుక్కలు వేసి, ఇంజన్‌లో సగం చక్రాలు కాగితం మీద, మిగతావి పట్టాల మీద ఉండేలా పట్టుకుని కరెంటు ఇవ్వండి. చక్రాలు అక్కడే తిరుగుతూ నల్లటి గీతలు గీస్తాయి. గీతలు రావడం ఆగేదాకా కాగితం మారుస్తూ ఉండాలి. చక్రాలకి రబ్బరు టైర్లు ఉంటే వాటిని మాత్రం తడపకండి.

డీకోడర్ డాక్టర్
సోమవారం, ఉదయం 10:05

ఇక్కడ నేను ఒప్పుకోను. ఆల్కహాల్ లాంటి పోలార్ ద్రావకాలు వాడితే చక్రానికీ పట్టాకీ మధ్య సూక్ష్మమైన నిప్పురవ్వలు ఎక్కువై, నల్లమసి త్వరగా వస్తుందని వాదించేవాళ్లు ఉన్నారు. నేను పోలార్ కాని వైట్ స్పిరిట్‌కి (రంగులు పలచన చేసే ద్రావకం) మారాక తుడవడం తగ్గింది.

పాతపట్టాలు
సోమవారం, ఉదయం 10:20

మారాక మీరు దుమ్ము రేపే కార్పెట్ కూడా తీసేశారని పోయినసారి చెప్పారు. తగ్గింది దేనివల్లో?

డీకోడర్ డాక్టర్
సోమవారం, ఉదయం 10:26

అది… నిజమే. సరే, ఎవరి సీసా వారిది. గరుకు కాగితం మాత్రం ఎవరూ వాడకండి. గీతల్లో మురికి మరింత గట్టిగా పట్టుకుంటుంది.

నీలిబండి
సోమవారం, రాత్రి 9:50

గొట్టాలు వచ్చేశాయి, రంగుకి ఏమీ కాలేదు. ముందుకు అరగంట, వెనక్కి అరగంట పూర్తి చేశాను. ఒక్కసారి కూడా దిగలేదు. ఆరు పెట్టెలూ తగిలించి లాగిస్తే పెద్ద చక్రాలు బయలుదేరేటప్పుడు ఒక్క చుట్టు జారి తర్వాత పట్టుకున్నాయి. అది లోపం కాదు కదా? నాకైతే చూడముచ్చటగా ఉంది.

పూర్తి వేగంతో కూడా తిప్పాను. తిన్నని భాగంలో ఒక మీటరు 1.1 సెకన్లలో దాటింది. మొబైల్లో స్లో మోషన్ వీడియో తీసి కొలిచాను. ఇది అసలు రైలుకి ఎంత?

వెర్నియర్
సోమవారం, రాత్రి 10:01

ఓఓ అంటే 1:76.2. మీటరుకి పట్టిన సెకన్లతో 274ను భాగించండి, గంటకు కిలోమీటర్లు వస్తాయి. హెచ్‌ఓ స్కేల్ (1:87) వాళ్లు 313 వాడాలి. మీది 249.

అసలు మల్లార్డ్ 1938 జూలై 3న స్టోక్ బ్యాంక్ దిగుడులో అందుకున్నది గంటకు 126 మైళ్లు, అంటే 203 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్లలో అది ప్రపంచ రికార్డు. మీ టేబుల్ మీద దాన్ని బద్దలు కొట్టారు. అభినందనలు, ఇక కంట్రోలర్ తగ్గించండి. 1.35 సెకన్లు దాటకపోతే అది ఏ4 కాదు, క్షిపణి. స్టేషన్లోకి వచ్చే వేగం కావాలంటే మీటరుకి ఏడెనిమిది సెకన్లు పట్టాలి.

చుక్‌చుక్
సోమవారం, రాత్రి 10:30

ఆ రికార్డు గురించి ఒక ముచ్చట. ఏ4కి మూడు సిలిండర్లు, మధ్యది లోపల దాక్కుని ఉంటుంది. అక్కడి బేరింగ్ వేడెక్కితే డ్రైవర్‌కి కనిపించదు. అందుకని సోంపు లాంటి ఘాటైన వాసన వచ్చే గుళికను అందులో పెట్టారు, వేడెక్కితే పగిలి వాసన వస్తుంది. ఆ రోజు డ్రైవర్ జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే. రికార్డు అయ్యాక ఆ మధ్య బేరింగే దెబ్బతింది. ఇంజన్ నెమ్మదిగా పీటర్‌బరో చేరి ఆగిపోయింది. లండన్‌కి మిగతా దూరం రైలును వేరే ఇంజన్ లాక్కెళ్లింది.

మన బుల్లి ఇంజన్లకీ ముక్కే థర్మామీటర్. కొత్తదానికి మొదటి గంటలో కొంచెం నూనె వాసన మామూలే. ఘాటుగా, వైరు కాలుతున్న వాసన వస్తే వెంటనే ఆపేయాలి.

నీలిబండి
సోమవారం, రాత్రి 10:44

ఆ వాసన సంగతి తెలియక నిన్న నూనె వాసనకే మెయిన్ స్విచ్ ఆపేశాను!

ఇక ఆఖరి సందేహం. డీసీసీకి మారాలని ఉంది. ఇంజన్ చిరునామా (కంట్రోలర్ దాన్ని పిలిచే నంబర్) 4468 పెట్టుకోవచ్చా?

డీకోడర్ డాక్టర్
సోమవారం, రాత్రి 11:02

తప్పకుండా. కొత్త డీకోడర్లన్నీ 3వ నంబర్‌తో వస్తాయి. రెండో ఇంజన్‌కీ మార్చడం మర్చిపోయారనుకోండి, నాబ్ ఒకటి తిప్పితే రెండూ బయలుదేరతాయి. నాకు ఎదురెదురుగా బయలుదేరాయి.

నాలుగంకెల చిరునామా సీవీ17, సీవీ18లో ఉంటుంది (సీవీ అంటే డీకోడర్ లోపలి నంబరున్న సెట్టింగు). 4468ని 256తో భాగిస్తే 17, శేషం 116. ఆ 17కి 192 కలిపితే 209. కాబట్టి సీవీ17లో 209, సీవీ18లో 116. పొడవు చిరునామా వాడమని చెప్పడానికి సీవీ29లో 32 కలపాలి. మామూలుగా అక్కడ 6 ఉంటుంది, 38 అవుతుంది. ఇప్పటి కంట్రోలర్లు ఈ లెక్క తామే చేసుకుంటాయి, కానీ ఎప్పుడైనా ఇంజన్ పలకకపోతే ఈ మూడు అంకెలూ చదివి చూస్తే చాలు. తర్వాత సీవీ3, సీవీ4 కొంచెం పెంచండి. నాబ్ ఒక్కసారిగా తిప్పినా ఇంజన్ మెల్లగా కదులుతుంది, మెల్లగా ఆగుతుంది.

డీకోడర్ పెట్టేముందు సాకెట్‌లో ఉన్న ఖాళీ ప్లగ్ తీసి దాచుకోండి. పారేస్తే మళ్లీ డీసీ మీద నడపాలనుకున్న రోజు వెతుక్కుంటారు.

నీలిబండి
మంగళవారం, రాత్రి 9:05

ఆ ప్లగ్ దాచుకుందామని విడి భాగాల కవర్ తెరిస్తే అడుగున ఇంకో ముక్క కనిపించింది. నల్లగా, కామాలా వంగి ఉంది, ఒక చివర చిన్న మేకులాంటిది. మాన్యువల్ బొమ్మలో లేదు. ఇంజన్ చుట్టూ చూశాను, ఎక్కడా ఖాళీ రంధ్రం లేదు. ఇదేంటి?

సగంవృత్తం
మంగళవారం, రాత్రి 9:11

బ్రేక్ గొట్టమేమో?

పాతపట్టాలు
మంగళవారం, రాత్రి 9:30

బ్రేక్ గొట్టాలు అంటించేశానన్నారు కదా. ఫొటో పెట్టండి.

వెర్నియర్
మంగళవారం, రాత్రి 9:31

పొడవెంత?

నీలిబండి
మంగళవారం, రాత్రి 9:40

6.2 మి.మీ. మూడు చోట్ల కొలిచాను.